సుద్దలో తేలిన గీత

*గేరు సైకిలు పాతబడింది. నాలుగు వేలతో బాగు చేయించాలా, పాతిక వేలతో హంగులు మార్చాలా, నలభై వేలు పోసి కొత్తదే కొనాలా? కంచరపాలెంలో ఒక సైకిలు కొట్టు ముందు రెండు సాయంత్రాలు కూర్చుంటే తేలిన లెక్క ఇది.*

"ఏటి బాబూ, ఇది సైకిలా, బీరువానా?"

నా సైకిలును ఒంటి చేత్తో లేపబోయి, మళ్లీ కింద పెట్టేసి మేస్త్రి అన్న మొదటి మాట అది. ఊర్వశి జంక్షన్‌కీ ఐటీఐ జంక్షన్‌కీ నడుమ ఒక సందు మొగలో రేకుల కొట్టు. గోడ నిండా వేలాడే టైర్లు, పంచర్లు చూసే నీళ్ల తొట్టి, నూనె తాగి నల్లబడ్డ బల్ల. కొట్టు ముందు రెండు సైకిళ్లు నిలబెట్టాం. ఒకటి నాది. 2017లో పద్దెనిమిది వేలు పోసి కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, ముందు షాకబ్జార్బరు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు, ఇరవయ్యొక్క గేర్లు. రెండోది మా మేనల్లుడిది. వాడు ఇక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడు. ఎనిమిదో తరగతిలో కొనిచ్చిన సైకిలు, అప్పట్లో ఏడున్నర వేలు. ఇనుప ఫ్రేము, మామూలు బ్రేకులు. గేర్లు పద్దెనిమిది, వాటిలో పడేవి రెండు.

మౌంటెన్ బైకు అని వీటి అసలు పేరు. మన దగ్గర బైకంటే పెట్రోలు తాగేదే కాబట్టి గేరు సైకిలంటేనే ఎవరికైనా బోధపడుతుంది. కొన్న కొత్తలో రోజూ తుడుస్తాం. రెండో ఏడాదికి బాల్కనీలోకి చేరుతుంది. మూడో ఏడాది దాని మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఏదో ఒక ఉదయం మళ్లీ తొక్కాలని బుద్ధి పుట్టి కిందికి దించితే గొలుసు తెగ జారుతుంది, బ్రేకు పట్టదు, ముందు షాకు కదలదు. అప్పుడు మొదలవుతుంది తర్జనభర్జన.

నాకు ఆ బుద్ధి ఆఫీసు మిత్రుల వల్ల పుట్టింది. ఆదివారం తెల్లవారుజామున వాళ్లు మర్రిపాలెం మీదుగా మాధవధార చేరి, సింహాచలం కొండ చుట్టూ తిరిగొస్తారు. ఆషాఢ పౌర్ణమి ముందు గిరి ప్రదక్షిణకు జనం నడిచే 32 కిలోమీటర్ల దారి దాదాపు అదే. తారు రోడ్డు మీద నేనూ వాళ్ల వెనకే ఉండేవాణ్ని. కొండ అంచున మట్టి బాటలోకి దిగామా, ఇక నేను కనపడను. తూర్పు కనుమల్లోని ఖొండలైటు రాయి చితికి ఎర్రటి గరప నేలగా మారుతుంది కదా, దాని మీద సన్నటి గులకలు పోసినట్టుంటాయి. నా చక్రం వాటి మీద బియ్యం పోసిన గచ్చు మీద అడుగేసినట్టు జారేది. మిత్రులవి ఇరవైతొమ్మిది అంగుళాల చక్రాలు. నాది ఇరవయ్యారు. తేడా అక్కడే ఉందనుకున్నాను.

నగరంలో ఒక పెద్ద షాపులో అంచనా అడిగాను. గాలితో పనిచేసే కొత్త ఫోర్కు, అంటే ముందు షాకు, పదకొండున్నర వేలు. ఆయిలు బ్రేకులు జత ఐదున్నర వేలు. ముందు ఒకే పళ్ల చక్రం, వెనక తొమ్మిది గేర్లు ఉండే కొత్త సెట్టు, దానికి సరిపడే వెనక చక్రంతో కలిపి తొమ్మిది వేలు. మొత్తం ఇరవయ్యారు వేలు. అదే షాపులో మంచి కొత్త సైకిలు నలభై రెండు వేలు. హైదరాబాదులో ఉండే మిత్రుడికి ఫోనులో చెబితే పగలబడి నవ్వాడు. "చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే" అన్నాడు. సామెత బాగుంది కానీ నా కోడి చారాణాది కాదు, పద్దెనిమిది వేలది. ఆ ఉక్రోషంతోనే కంచరపాలెం వెళ్లాను.

జాతకాలు కలవాలి

ఈ పేట పేరులోనే కంచరి ఉన్నాడు, కంచు పోసి పాత్ర చేసేవాడు. చుట్టూ రైల్వే, పోర్టు. కాస్త అవతల షిప్‌యార్డు. ఇంటికొక ఫిట్టరో, వెల్డరో, టర్నరో ఉంటాడంటే అతిశయోక్తి కొంచెమే. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమాలో ఈ పేట మనుషులే నటులయ్యారు. అప్పుడు రాష్ట్రమంతా వీళ్ల ముఖాలు చూసింది. నాకు మాత్రం వీళ్ల చేతులంటే గౌరవం. విప్పి చూడకుండా ఏదీ పారేయరు.

షిఫ్టుకెళ్లే కార్మికుల సైకిలంటే ఇక్కడ నల్ల సైకిలే. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైంది, హెర్క్యులిస్ వాళ్లదే. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూథియానాలో హీరో 1956లో వచ్చాయి. కంపెనీలు వేరైనా లోపలి కొలతలు దాదాపు ఒకటే. ఒకదాని కాటర్ పిన్ను ఇంకోదానికి దిగుతుంది. ఒకదాని రిమ్ము ఇంకోదానికి పడుతుంది. అందుకే తాత సైకిలు మనవడు తొక్కాడు. నడుమ చక్రాలు మారాయి, హ్యాండిల్ మారింది, సీటు మూడుసార్లు మారింది. అది ఇంకా తాత సైకిలేనా అన్న వేదాంతం ఎవరూ ఎత్తలేదు. బాగు చేయడమా, మార్చడమా అన్న ప్రశ్నే దానికి పుట్టలేదు.

గేరు సైకిలుకి ఆ భాగ్యం లేదు. చాలా ఏళ్లు ప్రపంచమంతా ఇరవయ్యారు అంగుళాల చక్రమే ఉండేది. తర్వాత ఇరవైతొమ్మిది వచ్చింది, ఇరవయ్యేడున్నర వచ్చింది. రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం చూస్తే ఇరవయ్యారుకి 559 మిల్లీమీటర్లు, ఇరవయ్యేడున్నరకి 584, ఇరవైతొమ్మిదికి 622. వెనక ఇరుసు వెడల్పు 135 నుంచి 142కి, అక్కణ్నుంచి 148కి పెరిగింది. ముందు సన్నటి ఇరుసు పోయి 15 మిల్లీమీటర్ల లావుది వచ్చింది. ఫోర్కు గొట్టం దూరే తలభాగం నిటారు గొట్టంగా ఉండేది. ఇప్పుడు కింద లావుగా, పైన సన్నగా చేస్తున్నారు. ఈ మార్పులన్నీ సైకిలును మెరుగుపరచడానికే వచ్చాయి, కాదనను. అయితే వాటి ఫలితం ఏమిటంటే, నేడు షాపులో కనిపించే మంచి ఫోర్కుకీ నిన్నటి నా ఫ్రేముకీ జాతకాలు కలవవు.

మేస్త్రి ఆ షాపు కాగితం చదివి ఒక్కో అంకె మీదా వేలు పెట్టాడు. ఫోర్కు కావాలంటే నిటారు గొట్టానికి దిగేది, ఇరవయ్యారు చక్రానికి సరిపడేది వెతకాలి. అవి అరుదు. దొరికినా పొడవు ఎక్కువుంటే బండి మూతి పైకి లేస్తుంది. ఇరవై మిల్లీమీటర్లు పొడవు పెరిగితే తల వాలు సుమారు ఒక డిగ్రీ మారుతుందని సైకిళ్లు కట్టేవాళ్ల లెక్క. దిగుడులో అది హాయిగానే ఉంటుంది. ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. పైగా ఫోర్కు పొడవై పెంచిన లాగుడంతా ఫ్రేము తలదగ్గరి అతుకు మీదే పడుతుంది.

వెనక గేర్ల సంగతి ఇంకా చిత్రం. చవక సైకిళ్లలో పళ్ల చక్రాల గుత్తి హబ్బు మీద మరలాగా బిగుస్తుంది. దాన్నే ఫ్రీవీలంటాం. షిమానో 1978లో తెచ్చిన పద్ధతి వేరు. తిరిగే కీలు హబ్బులోనే ఉంటుంది, పళ్లు దాని మీద తొడుగుతారు. అందువల్ల బేరింగు దాదాపు ఫ్రేము అంచు దాకా వెళ్లి ఇరుసును మోస్తుంది. ఫ్రీవీలు హబ్బులో కుడి పక్క ఇరుసు చాలా దూరం ఆధారం లేకుండా వేలాడుతుంది, బరువు మనిషి గుంతలో దూకితే వంగుతుంది. పాత హబ్బు మీద కొత్త రకం పళ్లు ఎక్కవు. అందుకే ఆ తొమ్మిది వేల అంచనాలో వెనక చక్రం కూడా కలిసింది. చక్రం మారితే సరే, మరి ముందరి పళ్ల చక్రం? అది పడాలంటే క్రాంకు మారాలి. క్రాంకు మారితే లోపలి యాక్సిలు. నూతిలో బాల్చీ తీయబోతే గిలక ఊడొచ్చినట్టు ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి.

"ఫోర్కు కావాలనిపించిందంటే నీకు కావలసింది ఫోర్కు కాదు బాబూ, ఇంకో సైకిలు" అన్నాడు మేస్త్రి.

పుట్టుకే ఒక మరమ్మతు

నిజానికి మౌంటెన్ బైకు పుట్టిందే పాత సైకిలుకి హంగులు తగిలించబోయి. కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీ. అక్కడి టామల్‌పయస్ కొండ పరిసరాల్లో 1970ల కుర్రకారు పాత సామాన్లలోంచి లావు టైర్ల ష్విన్ సైకిళ్లు ఏరి తెచ్చేవారు. 1930ల, 40ల నాటి బళ్లు అవి. వెనక్కి తొక్కితే పడే బ్రేకు. మట్టి దారిలో వేగంగా దిగేసరికి హబ్బు కాగిపోయి లోపలి గ్రీజు పొగై లేచిపోయేది. ప్రతిసారీ హబ్బు విప్పి గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. దాని మీద మొదటి పందెం 1976 అక్టోబరు 21న జరిగింది.

గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, జో బ్రీజ్ ఆ గుంపులోవాళ్లే. వాళ్లు ఆ పాత బళ్లకి గేర్లు పెట్టారు, మోటారు సైకిలు బ్రేకు పిడులు పెట్టారు. ఎన్ని పెట్టినా ఫ్రేములు మాత్రం తట్టుకోలేదు, విరిగాయి. 1977లో బ్రీజ్ ఇక పాతదాన్ని వదిలి, కొండ దిగడానికే కొత్త గొట్టాలు అతికి ఫ్రేము కట్టాడు. టామ్ రిచీ ఫ్రేములు చేస్తే ఫిషర్, కెల్లీ 1979లో వాటిని అమ్మడం మొదలెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ పేరుతో కర్మాగారంలో తయారైన బండి తెచ్చింది. పదిహేనేళ్లు తిరిగేసరికి, అట్లాంటాలో, ఈ ఆట ఒలింపిక్స్‌లో ఉంది.

మేస్త్రికి ఈ కథ చెబితే ఆయన పట్టించుకున్నది ఒక్కటే. "ఫ్రేము ఇరిగిందాకా తొక్కినారు కదా. మీరు గొలుసు అరిగిందాకానైనా తొక్కనేదు."

పన్నెండంగుళాల స్కేలు

ఆ మాట తప్పని మేనల్లుడు అక్కడికక్కడే రుజువు చేశాడు. పాలిటెక్నిక్ సంచిలోంచి స్టీలు స్కేలు తీశాడు.

సైకిలు గొలుసులో ఒక పిన్ను నడిమి నుంచి పక్క పిన్ను నడిమికి సరిగ్గా అర అంగుళం. నల్ల సైకిలుకైనా, రెండు లక్షల సైకిలుకైనా ఇదొక్కటి మారలేదు. అంటే ఇరవై నాలుగు లింకులకి పన్నెండంగుళాలు. స్కేలు సున్నాని ఒక పిన్ను నడిమిన పెట్టి రెండో కొస చూడాలి. పిన్ను పన్నెండు దగ్గరే ఉంటే గొలుసు బాగున్నట్టు. అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగితే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు జరిగితే గొలుసొక్కటే మార్చి లాభం లేదు. అప్పటికి ఆ గొలుసు పళ్లను కూడా తన కొలతకి అరగదీసుకుని ఉంటుంది; కొత్త గొలుసు వాటి మీద ఎగిరెగిరి పడుతుంది. గొలుసు సాగిందంటారు కానీ ఇనుము సాగదు. పిన్నుల దగ్గర అరిగి కొంచెం కొంచెం సందు ఇస్తుంది, అంతే.

నా గొలుసు పిన్ను స్కేలు కొస దాటి వడ్లగింజ మందం బయటికి కనిపించింది. వాడిది దానికన్నా ఘోరం. "మావయ్యా, ఇద్దరివీ పోయాయి" అన్నాడు, పరీక్ష తప్పినవాడు తోటివాడి మార్కులు చూసి సంతోషించినట్టు.

మా ఇద్దరి గొలుసులూ ఒట్టి తొక్కుడుకే అరిగినవి కావు. ఇది ఉప్పుగాలి ఊరు. దానికి తోడు ఈ పక్కన పోర్టు బొగ్గుధూళి సంగతి కంచరపాలెం, జ్ఞానాపురం వాసులకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్న కిటికీ రెక్క మీద వేలితో రాస్తే అక్షరం పడుతుంది. ఆ పొడి గొలుసు మీది నూనెతో కలిసిందంటే సానబెట్టే ముద్ద తయారవుతుంది. మనం నూనె పోశామని మురిసిపోతుంటాం, అది లోపల నూరుతూ ఉంటుంది. ఇంట్లో మిగిలిన చిక్కటి ఇంజనాయిలు పోయడం ఇంకా దండగ. గుడ్డతో గొలుసు తుడిచి, ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క పల్చటి నూనె వేసి, పైపైన ఉన్నదంతా మళ్లీ తుడిచేయాలి. మేస్త్రి కుట్టుమిషను నూనె వాడతాడు. వానకి అది నిలవదని నా అభిప్రాయం, ఆయన ఒప్పుకోలేదు. బీచి రోడ్డులో తొక్కి వచ్చినరోజు మామూలు నీళ్లతో కడిగి ఆరబెట్టాలన్న విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే. బైకుల వాటర్ సర్వీసింగుకి ఇచ్చారో, ఆ ధార బేరింగుల్లో గ్రీజును కడిగేసి నీళ్లు నింపుతుంది.

మేనల్లుడి సైకిలుకి మేస్త్రి సిగరెట్టు పెట్టె వెనక రాసిన లెక్క: చైను 450, ఫ్రీవీలు 400, రెండు టైర్లు 1,500, ట్యూబులు 350, బ్రేకు, గేరు కేబుళ్లు 300, బ్రేకు కట్టలు 200, ఓవరాయిలింగు 600. మొత్తం 3,800. ఓవరాయిలింగంటే ఉత్త నూనె పోయడం అనుకునేరు. తల కప్పులు, పెడళ్ల నడిమి యాక్సిలు, రెండు హబ్బులు విప్పి, గోళీలు కిరసనాయిల్లో కడిగి, మెరుపు పోయినవి తీసేసి కొత్త గ్రీజులో పేర్చి, చక్రాల బెండు తీసి ఇవ్వడం. ఒక పూట పని.

ఖరీదులో సగం దాటితే మరమ్మతు దండగని ఒక సూత్రం చాలామంది చెబుతారు. ఆ లెక్కన వాడి సైకిలు పారేయాలి. నాకు ఈ సూత్రం ఎప్పుడూ నచ్చలేదు. ఎనిమిదో తరగతిలో పెట్టిన ఏడున్నర వేలు ఎప్పుడో ఖర్చయిపోయింది, దాంతో పోలికేమిటి? మూడువేల ఎనిమిది వందలకి బజారులో ఇంతకన్నా మంచి బండి దొరుకుతుందా అన్నదే ప్రశ్న. దొరకదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద, విడిభాగాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది. అయినా దొరకదు.

ఆ లెక్కలో పెద్ద ఖర్చు టైర్లదేనని గమనించండి. నన్నడిగితే అదొక్కటే అసలైన హంగు. గరప నేల మీద నేను జారింది ఇరవయ్యారు చక్రం వల్ల కాదు. గట్లు అరిగి నున్నబడ్డ టైరులో బంకులో కొట్టించినంత గాలి కొట్టి రాయిలా చేసుకున్నందువల్ల. డెబ్బై, డెబ్బయ్యయిదు కిలోల మనిషికి రెండంగుళాల టైరులో మట్టిదారికి ముప్ఫై, ముప్ఫయ్యయిదు పీఎస్ఐ చాలు. నేను అరవై కొట్టించేవాణ్ని. గట్టి గాలి టైరు గులకరాయిని మింగదు, దాని మీంచి ఎగురుతుంది. ఆ కుదుపుని అణచడానికి మూడు కిలోల ఇనుప షాకును మోసుకు తిరుగుతున్నాను.

రెండో సాయంత్రం

నా సైకిలు దగ్గరికి వచ్చేసరికి పని సీటు రాడ్డు దగ్గర ఆగిపోయింది. అల్యూమినియం ఫ్రేములో ఇనుప రాడ్డు. రెండు లోహాల మధ్య ఉప్పుతేమ చేరితే బ్యాటరీలో జరిగేదే జరుగుతుంది; అల్యూమినియం తెల్లటి పొడిగా పొంగి రాడ్డును లోపలే బిగించేస్తుంది. ఆరు నెలలకోసారి రాడ్డు బయటికి లాగి గ్రీజు రాసుంటే ఈ తిప్పలు ఉండేవి కావు. మేస్త్రి పళ్లు బిగించి తిప్పాడు, కదల్లేదు. తుప్పు వదిలించే నూనె పోసి, తెల్లారేదాకా వదిలేశాడు.

మర్నాడు సాయంత్రానికి వచ్చింది. రాడ్డు మెలితిరుగుతూ బయటికి వస్తుంటే బూడిద రాలినట్టు తెల్లపొడి రాలింది. అప్పుడు కొట్టు అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన లేచి వచ్చారు. మేస్త్రి అన్నగారు. లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. రాడ్డు చేతిలోకి తీసుకుని, దాని మీద చెక్కిన అడ్డగీతలు చూపించారు.

"ఇదేటో తెలుసా?"

తెలుసనే అనుకున్నాను. సీటు ఎత్తు గుర్తు పెట్టుకోడానికి కంపెనీవాళ్లు వేసిన గీతలు. ఇన్నేళ్లుగా రోజూ కళ్లబడేవే.

"రోజూ కళ్లబడకూడదు బాబూ. అవి ఫ్రేము లోపలుండాల."

రాడ్డు కనీసం అక్కడిదాకా గొట్టంలోకి దిగాలని ఆ గీత అర్థం. నా రాడ్డు దానికి రెండు వేళ్లు పైకే ఉండేది. ఎందుకంటే సైకిలు నాకు ఒక సైజు చిన్నది. తగ్గింపు ధరలో ఆ సైజే మిగిలిందని అప్పట్లో కొన్నాను. కాలు చాలక సీటు ఎత్తుకుంటూ పోయాను. రాడ్డు లోపల తక్కువ, బయట ఎక్కువ. నేను కూర్చున్న ప్రతిసారీ అది గునపంలా గొట్టం మూతిని వెనక్కి పెల్లగిస్తూ ఉంది.

పెద్దాయన ఇక ఎవరినీ అడగలేదు. గొట్టం మూతి దగ్గర, పై గొట్టం వచ్చి అతుక్కునే చోట రంగుని సన్నటి గరుకు కాగితంతో రుద్ది లోహం తేల్చారు. కిరసనాయిల్లో కాస్త మాసిన ఇంజనాయిలు కలిపి గుడ్డతో పట్టించారు. ఇరవై నిమిషాలు ఆగమన్నారు. టీ తెప్పించారు. తర్వాత పొడిగుడ్డతో చుక్క లేకుండా తుడిచి, బ్లాక్‌బోర్డు సుద్దముక్కని బల్ల మీద నూరి, ఆ పొడిని వేళ్లతో అద్దారు. గొట్టం తెల్లగా అయింది. స్పానరు పిడితో పక్కన రెండు చిన్న దెబ్బలు వేసి ఊరుకున్నారు.

ఇది ఆయన సొంత కిటుకు కాదు. వందేళ్ల కిందట రైల్వే వర్కుషాపుల్లో ఇంజన్ల ఇరుసులకీ రాడ్లకీ పగుళ్లు పట్టుకున్నది ఇలాగే. కంటికి కనపడని సందులోకి పల్చటి నూనె పాకుతుంది. పైన తుడిచినా లోపల ఉంటుంది. సుద్ద దాన్ని బయటికి పీలుస్తుంది. ఇవాళ ఇరుసులని అల్ట్రాసోనిక్ మిషనుతో చూస్తారు, వెల్డింగులకి ఎర్ర రంగు స్ప్రే డబ్బా వాడతారు. సూత్రం మాత్రం ఈ సుద్దదే.

మొదట ఏమీ లేదు. మేనల్లుడు ఫోను లైటు పట్టుకున్నాడు. ఒక నిమిషం తర్వాత అతుకు కింద, వెనకవైపు, వెంట్రుక పడిందేమో అనిపించింది. వాడు ఊదాడు. కదల్లేదు. చూస్తుండగానే అది నల్లబడి, గొట్టం చుట్టూ చిటికెనవేలి గోరంత పొడవున తేలింది. కాసేపటికి దాని కొసలు కూడా తడిశాయి.

"అయిపోనాది" అన్నారు పెద్దాయన, పేపరు తీసుకుంటూ.

వెల్డింగు చేయించొచ్చు కదా అన్నాను. మేనల్లుడి ఇనుప ఫ్రేమైతే చేయించొచ్చన్నారు. అల్యూమినియంకి ఆ వేడి తగిలితే చుట్టుపక్కల లోహం మెత్తబడిపోతుంది. కర్మాగారంలో అతికిన తర్వాత ఫ్రేమునంతా మళ్లీ కాల్చి గట్టిపరుస్తారు. ఆ కొలిమి ఈ సందులో లేదు. ఇంకో తేడా కూడా ఉంది. ఇనుము మీద పడే బరువు ఒక హద్దు లోపలుంటే ఎన్ని లక్షలసార్లు పడినా అది ఓర్చుకుంటుంది. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. చిన్న దెబ్బనైనా లెక్క రాసుకుంటుంది.

ఇరవయ్యారు వేల అంచనా కాగితం ఇంకా నా జేబులోనే ఉంది. ఆ ఫోర్కు, ఆ బ్రేకులు, ఆ తొమ్మిది గేర్లు అన్నీ తెచ్చి ఈ గొట్టానికే తగిలించి మాధవధార మెట్ల పక్క దిగుడులో వదిలేవాణ్ని. ఫోర్కు మార్చొచ్చు, గేర్లు మార్చొచ్చు. ఫ్రేము సైజు మార్చే విడిభాగం ఎక్కడా అమ్మరు. నా ప్రశ్నకి జవాబు 2017లో, ఆ తగ్గింపు ధర చీటీ చూసినరోజే తేలిపోయింది. తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది.

నా సైకిలుని మేస్త్రి ముక్కలు చేశాడు. డిస్కు చక్రాలు మేనల్లుడి ఫ్రేముకి పనికిరావు, దానికి డిస్కు బిగించే చెవులు లేవు. పెడళ్లు, సీటు, చేతిపిడులు పనికొచ్చాయి. హ్యాండిల్ కూడా అడిగాడు వాడు. ఇచ్చాను. వాడి 3,800 నేనే కట్టాను.

తర్వాతి ఆదివారం వాడు మా మిత్రబృందంతో మాధవధార వెళ్లాడు. నేను స్కూటీ మీద వెళ్లి చివర్లో కలిశాను. ఎర్రమట్టిలో ఒంటినిండా దుమ్ముతో దిగొచ్చి, "మావయ్యా, గేర్లు పద్దెనిమిదీ పడుతున్నాయి" అన్నాడు. నలభై వేల సైకిళ్లవాళ్లు ఇద్దరు వాడి బండి బ్రేకులు నొక్కి చూస్తున్నారు.

నేనింకా కొత్తది కొనలేదు. రెండు షాపుల్లో చూశాను. ఈసారి ధర అడగకముందే గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం పెట్టుకుని, అరికాలి నుంచి పైకి కొలిపించుకున్నాను. ఒక షాపులో కుర్రాడు నవ్వాడు. నా సైజు స్టాకులో లేదట, ఆ కింది సైజైతే పది శాతం తగ్గింపు ఇస్తానన్నాడు.

మొన్న అటుగా వెళ్తూ కంచరపాలెంలో ఆగాను. నా ఫ్రేము కొట్టు గోడకి మేకు మీద వేలాడుతోంది. మేస్త్రి దానికి పాత ట్యూబులు తగిలించుకుంటున్నాడు. సుద్ద ఇంకా పోలేదు.